ఏడో నంబరు బస్సుకి మంచినీళ్ళు

ఏడో నంబరు బస్సు మీద నీలం టార్పాలిన్ కప్పి అది నాలుగో రోజు. దీవి ఊళ్ళోని ఆ డిపోలో మిగతా పదకొండు కరెంటు బస్సులూ పొద్దున్నే చప్పుడు లేకుండా కదిలి, చప్పుడు లేకుండానే గేటు దాటి పోతున్నాయి. అదొక్కటే వెనక గోడ వారగా ముసుగేసుకుని నిలబడింది. ఎవరూ దానివైపు చూడరు. దానివైపు చూడకుండా ఆ పక్కనుంచి ఎలా నడవాలో డిపోలో అందరికీ నాలుగు రోజుల్లోనే అలవాటైపోయింది. నూకరత్నానికి మాత్రం అలవాటు కాలేదు. బకెట్టు పట్టుకుని అటు వెళ్ళాల్సి వచ్చినప్పుడల్లా ఆమె మెడ తనంతట తానే ఆ టార్పాలిన్ వైపు తిరుగుతోంది, ఎవరైనా చూశారేమోనని వెంటనే వెనక్కి తిరుగుతోంది. గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకున్నట్టు ఉంది ఆమె బతుకు.

"రత్నం దీదీ, ఇటు రా!" సూపర్‌వైజర్ ఉమేష్ కేక వేశాడు.

ఆ కేకకి ఆమె చేతిలో బకెట్టు తొణికింది. అయిపోయింది, తెలిసిపోయింది అనుకుంది. కాళ్ళు ఈడ్చుకుంటూ వెళ్ళింది.

ఉమేష్ మాత్రం నవ్వు మొహంతో ఉన్నాడు. "గురువారం మెహమాన్‌లు వస్తన్నారు. అయిదు ఊర్ల నించి. ఆఫీసర్లు, మెకానిక్‌లు, అందరూను. అన్నీ మనలాగే సముద్రం పక్క ఊర్లే. పోయినేడు మనం వాళ్ళ దగ్గరికెళ్ళి నేర్చుకున్నాం గదా, ఇప్పుడు వాళ్ళు మన దగ్గరికొస్తన్నారు. వానలో, ఉప్పుగాలిలో ఈ బస్సులు ఎలా నడుస్తన్నాయో చూసి, వాళ్ళూ ఇంకా కొంటారంట."

"మంచిదే గదా బాబూ," అంది నూకరత్నం, ఊపిరి పీల్చుకుని.

"నువ్వు బస్సు కడిగి చూపించాలి. ప్రెషర్ గన్‌తో. కింద పొట్ట కూడా. పోయినేడు వాళ్ళ ఊరి నించి తెచ్చిన వీడియోలో ఆవిడ చేసింది చూసినావు గదా, బిల్‌కుల్ అలాగే."

నూకరత్నం బకెట్టు కింద పెట్టింది. "నానా? మరెవులైనా..."

"నీకన్నా బాగా ఎవరు కడుగుతారు? ఎవరేం అడిగినా ఒకటే మాట. 'కోయీ దిక్కత్ నహీ.' ఏ ఇబ్బందీ లేదు. అనేసి నవ్వు. అంతే."

"మరి ఏడో నెంబరో?"

ఉమేష్ నవ్వు కొంచెం తగ్గింది. "దాన్ని రేపు షెడ్డు వెనక్కి లాగేస్తారు. అది డ్రైవర్ తప్పు, పేపర్ మీద రాసేశారు. జీవరాజు సముద్రం నీళ్ళల్లోకి దింపేసినాడు, నీళ్ళు బ్యాటరీలోకి పోయినాయి. ఖతమ్. ఇంక దాని మాట ఎత్తకు."

ఎత్తకు అంటే ఎత్తకుండా ఉండొచ్చు. తలుచుకోకుండా ఉండడం ఎలాగో ఉమేష్ చెప్పలేదు.

ఆమె నాలుగో నంబరు కిందికి దూరి, నేల మీద వెల్లకిలా పడుకుని, తడిగుడ్డతో అడుగు తుడవడం మొదలుపెట్టింది. బ్యాటరీ పెట్టె, దాని పక్కన బొటనవేలంత లావు నారింజరంగు తీగలు, తీగలు పెట్టెలోకి దూరే చోట నల్ల రబ్బరు బిళ్ళ. ఆ రబ్బరు చుట్టూ సున్నం పెట్టినట్టు తెల్లటి ఉప్పు పొర. పోయిన గురువారం ఏడో నంబరు కింద కూడా సరిగ్గా ఇలాగే ఉంది. ఇంతకన్నా ఎక్కువే ఉంది. వానాకాలపు పోటుకి అలలు గోడ దాటి రోడ్డు మీద పడుతున్న రోజులవి. సముద్రం రోడ్డు మీదుగా బ్రూక్షాబాద్ నుంచి గోల్ ఘర్ వచ్చే బండ్లన్నీ ఉప్పులో ముంచి తీసినట్టే వస్తున్నాయి.

నూకరత్నం నాన్న చేపలు పట్టే డింగీ పడవ నడిపాడు. మొగుడు కన్నారావూ డింగీయే నడుపుతున్నాడు. సముద్రం నుంచి వచ్చిన ఇంజనుకి ముందు మంచినీళ్ళు తాగించాలి, ఆ తర్వాతే మనిషి గుక్కెడు తాగాలి అనేవాడు నాన్న. ఆ మాట ఆమెకి అన్నంతోపాటు ఒంటబట్టింది. అందుకే ఆ గురువారం సాయంత్రం కొత్త గన్ను పట్టుకుని, దాని ముక్కు తీసుకెళ్ళి ఏడో నంబరు రబ్బరు బిళ్ళకి ఆనించినంత దగ్గరగా పెట్టి, తెలుపంతా వదిలి నలుపు మెరిసేదాకా కొట్టింది. ఎంత మురిసిపోయిందో! వీడియోలో నీలం కోటు వేసుకున్న ఆవిడ కూడా ఇంత బాగా కడగలేదు అనుకుంది.

మర్నాడు మధ్యాహ్నం గోల్ ఘర్ ఎత్తు ఎక్కుతుంటే బస్సు కింద నుంచి పొగ. జీవరాజు బండి ఆపి, తలుపులు తెరిచి, ఇరవై ఆరు మందినీ దింపాడు. నడవలేని ముసలమ్మని భుజాన వేసుకుని దింపాడు. ఒక్కరికి ఒక్క గీత కూడా పడలేదు. జనం చప్పట్లు కొట్టారంట. సాయంత్రానికి అతని చేతికి కాగితం ఇచ్చి, కబురు చేసేదాకా రావద్దన్నారు.

*

మంగళవారం సాయంత్రం పని దిగి వస్తుంటే జీవరాజు ఇంటి ముందు నుంచి పోక తప్పలేదు. పక్క సందే. ఎన్నో ఏళ్ళుగా అక్కా తమ్ముడూ అని పిలుచుకుంటున్న మనుషులు. తల వంచుకుని దాటిపోదామనుకుంది గాని, అతని భార్య మేరి గుమ్మంలోనే నిలబడి ఉంది.

"వదినా, లోపలికి రా. నీ తమ్ముడు అన్నం ముట్టట్లేదు. నువ్వైనా చెప్పు."

జీవరాజు మంచం మీద కూచుని ఉన్నాడు. యూనిఫారం చొక్కా ఇస్త్రీ చేయించి మేకుకి తగిలించాడు. ఎప్పుడు పిలిస్తే అప్పుడు తొడుక్కుని పోవచ్చని కాబోలు.

"అక్కా, నువ్వు చెప్పు," అన్నాడు ఆమె కూచోకముందే. "ఆ రోజు పొద్దున్న రోడ్డు మీద నీళ్ళు ఎంతున్నాయి? నేను ఆగినాను. పెద్ద అల పోయేదాకా ఆగినాను. ఆ తర్వాతే కదిలినాను. నీళ్ళు ఇంతే ఉన్నాయి." వంగి కాలు చూపించాడు. అతని చెయ్యి పిక్క సగం దగ్గర ఆగింది.

నూకరత్నం ఆ చెయ్యి వైపు చూస్తూ ఉండిపోయింది. శనివారం ఇదే మాట చెబుతూ అతను చీలమండ చూపించాడు.

"చీలమండ దాకే అన్నావు గదా తమ్ముడూ."

"అన్నానా? ఏమో అక్కా. పడుకుంటే ఆ నీళ్ళే కనబడతన్నాయి. తలుచుకున్నకొద్దీ పెరుగుతున్నాయి. వాళ్ళు అంతమంది చదువుకున్నోళ్ళు రాసినారంటే... ఏమో, నేనే సరిగ్గా చూడలేదేమో. ముసలామె కాళ్ళు చచ్చుబడిన మనిషి అక్కా. నేను దింపకపోయుంటే?"

"ప్రభువు చూస్తన్నాడు," అంది మేరి. "తప్పెవరిదో ఆయనకి తెలుసు. ఆదివారం సంఘంలో అందరం ప్రార్థన చేసినాం. తెలిసినోళ్ళ నోరు తెరవమని అడిగినాం."

తేలు కుట్టిన దొంగ అరవలేడు కదా, నూకరత్నం పరిస్థితీ అదే. చెప్పెయ్యాలని నాలుక చివరిదాకా వచ్చింది. చెబితే ఏమవుతుందో వరసగా కళ్ళ ముందు కదిలింది: ఉద్యోగం పోతుంది, సర్కారు బస్సు తగలబెట్టావని పోలీసులు వస్తారు, మేరి ఇంక వదినా అని పిలవదు. ఆ చివరిదే అన్నిటికన్నా ఎక్కువ భయం వేసింది.

"అన్నం తిను తమ్ముడూ," అని మాత్రం అని లేచి వచ్చేసింది. వీధి మలుపు తిరిగాక కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది.

*

బుధవారం ఆమెది రెండో షిఫ్టు. పొద్దున్న కన్నారావుకి చద్దన్నం పట్టుకుని రేవుకి వెళ్ళింది. అతను అప్పుడే డింగీ ఒడ్డుకి చేర్చాడు. వలలో దొరికిన నాలుగు చేపలు పక్కన పడేసి, ముందు బ్యాటరీ తీగలు విప్పాడు. బ్యాటరీని రెండు చేతులా ఎత్తి, ఒడ్డున చెక్క మీద పెట్టి, పొడిగుడ్డతో మూలమూలా తుడిచాడు. దాని మీద ప్లాస్టిక్ సంచి కప్పాడు. ఆ తర్వాతే డ్రమ్ములో మంచినీళ్ళు పోసి, ఇంజను అందులో ముంచి తిప్పాడు.

పాతికేళ్ళుగా చూస్తున్న పనే. ఆ పూట కొత్తగా చూసింది.

"అదెందుకు ముందు తీసేత్తావు?"

"ఏది? బ్యాటరీయా?" అతను వింతగా చూశాడు. "నీ అయ్యే గదే నేర్పినాడు నాకు. ఇంజనుకి నీళ్ళు, బ్యాటరీకి గుడ్డ. ఒకదాన్ది ఇంకోదానికి పెడితే రెండూ సత్తాయి అనేవోడు. మరిసిపోనావేటి?"

మర్చిపోవడం కాదు, ఆమెకి ఆ రెండో సగం ఎవరూ చెప్పనే లేదు. నీళ్ళు మోయడం ఆడపిల్ల పని, బ్యాటరీ ముట్టుకోవడం మగాళ్ళ పని. అందుకే ఆమె చెవిన నీళ్ళ సగమే పడింది. ఇంతకాలం దాన్నే మొత్తం అనుకుని బతికింది.

ఆమె అన్నం గిన్నె ఇసకలో పెట్టి, పక్కనే కూలబడి, మొత్తం చెప్పేసింది.

కన్నారావు ముందు చుట్టూ చూశాడు. తర్వాత ఆమె పక్కకి వచ్చి గొంతుక్కూచున్నాడు.

"ఎవులికీ సెప్పకు."

"జీవరాజో?"

"ఆడు డ్రైవరు. ఇంకో బండి దొరుకుద్ది. నిన్ను పోలీసోళ్ళు తీసుకుపోతే నానేటి సెయ్యాలి? సర్కారు బస్సే అది, పిచ్చిమొగమా! నోరు కుట్టేసుకో."

"రేపొచ్చినోళ్ళకి అదే గన్ను పట్టుకుని కడిగి సూపించమంటన్నాడు ఉమేసు. ఆళ్ళు నేర్సుకునెళ్ళి ఆళ్ళ ఊర్లలో కడుగుతారు."

డ్రమ్ములో ఇంజను తిరిగి తిరిగి నీళ్ళు వేడెక్కాయి. చివరికి కన్నారావు లేచి దాన్ని ఆపి, "ఆళ్ళ ఊర్లు ఆళ్ళు సూసుకుంటారు," అన్నాడు. ఆ మాట అన్నాక ఆమె మొహం చూడలేక చేపల వైపు తిరిగాడు.

మధ్యాహ్నం డిపోకి వెళ్ళేసరికి ఏడో నంబరు లేదు. అది నిలబడిన చోట నాలుగు చక్రాల పొడి మచ్చలున్నాయి, వాన పడి అవీ చెరిగిపోతున్నాయి. ముందు నుయ్యి, వెనక గొయ్యి. ఎందులో పడ్డా ఒకటేననుకుని నూకరత్నం తిన్నగా ఉమేష్ దగ్గరికి నడిచింది.

"ఉమేష్ బాబూ, రేపు ఆ గన్ను వద్దు. ఆ గన్ను వల్లే..."

ఉమేష్ చెయ్యి అడ్డం పెట్టాడు. ఆమె నోటి మీద పెట్టినంత పని చేశాడు.

"చెప్పకు దీదీ. నాకు చెప్పకు. నాకు చెప్తే నాకు తెలిసినట్టు అయిపోద్ది. తెలిస్తే పైకి రాయాలి. రాస్తే ముందు అడిగేది నన్నే, గన్ను తేవాలని రాసిందెవరు, వీడియో తీసుకొచ్చిందెవరు అని. నాది కూడా కాంట్రాక్ట్ ఉద్యోగమే, సమఝో." అడ్డం పెట్టిన చెయ్యి దించాడు. "రేపొక్క రోజు. ప్లీజ్. పది నిమిషాల పని."

ఇతనికీ భయమే. పైన మేనేజరుకి ఇంకెవరంటే భయమో. ఒకరి భయం మీద ఒకరు కాళ్ళు పెట్టుకుని నిలబడ్డారు, అందరికన్నా అడుగున జీవరాజు ఉన్నాడు. నూకరత్నానికి అది అర్థమై, ఉమేష్ మీద కోపం రాలేదు. భయం మాత్రం ఇంకా పెరిగింది.

*

గురువారం పొద్దున్న వాన తెరిపిచ్చింది. షెడ్డుకి మామిడాకులు కట్టారు. వచ్చినవాళ్ళు ఇరవై మంది దాకా ఉన్నారు, మెడల్లో కార్డులు, చేతుల్లో పుస్తకాలు. మేనేజరు ఏదో బోర్డు ముందు నిలబడి గంటసేపు హిందీలో, ఇంగ్లీషులో చెప్పాడు. ఒకరి అనుభవం ఇంకొకరికి అందితే అందరూ తొందరగా ముందుకు పోవచ్చన్నాడు. ఏడాదిలో ఒక్క ప్రమాదం కూడా లేదన్నాడు. నూకరత్నం కొత్త ఆప్రన్ కట్టుకుని నాలుగో నంబరు పక్కన నిలబడి ఆ మాట విన్నది.

తర్వాత అందరూ ఆమె వైపు వచ్చారు. వాళ్ళలో ఒక మనిషి దగ్గర ఆమె చూపు ఆగిపోయింది. నీలం కోటు లేదు, చీర కట్టుకుంది, అయినా ఆ మొహం ఎలా మర్చిపోతుంది? ఉమేష్ ఫోనులో ఇరవైసార్లు చూసింది. వీడియో చివర గన్ను దించి, నవ్వి, బొటనవేలు పైకెత్తే మనిషి!

ఆవిడ దగ్గరికొచ్చి ఆప్రన్ మీద పేరు చదివి తెలుగులో పలకరించింది. "నూకరత్నం గారా? మన వాళ్ళేనన్న మాట. నా పేరు పద్మిని. మా డిపోలో వాషింగ్ సెక్షన్ నేనే చూస్తాను."

"తెలుసమ్మా. మిమ్మల్ని సూసే నేర్సుకున్నాను," అంది నూకరత్నం.

ఆ మాటకి పద్మిని సంతోషిస్తుందనుకుంది. ఆవిడ మొహంలో సంతోషం కనబడలేదు. చప్పున చూపు పక్కకి తిప్పుకుంది.

"షురూ కరో దీదీ," అన్నాడు ఉమేష్.

మోటారు ఆన్ చేశారు. ఆమె చక్రాలు కడిగింది, పక్కలు కడిగింది. ఇక మిగిలింది పొట్టే. మోకాళ్ళ మీద కూచుని గన్ను ముక్కు బస్సు కిందికి పెట్టింది. తల పక్కకి తిప్పితే, ఇంకో ఊరి నుంచి వచ్చిన కుర్ర మెకానిక్ ఒకతను ఫోను పట్టుకుని గొంతుక్కూచున్నాడు. వీడియో తీస్తున్నాడు. బాగా కనబడాలని ఇంకా దగ్గరికి జరిగాడు. రేపు ఆ ఊళ్ళో ఇంకో నూకరత్నం ఆ ఫోను చూస్తుంది. ఇరవైసార్లు చూస్తుంది. తన చెయ్యి చూసి నేర్చుకుంటుంది. అక్కడ ఇంకో జీవరాజు ఉంటాడు, బస్సులో ముసలమ్మ ఉంటుంది, ఆ రోజు తలుపు తెరుచుకుంటుందో లేదో ఎవరు చెప్పగలరు?

ఆమె గన్ను నేల మీద పెట్టేసింది.

"నాను కొట్టను బాబూ."

"దీదీ!" ఉమేష్ పళ్ళ బిగువున అన్నాడు.

ఆమెకి హిందీ బాగానే వచ్చు. బజార్లో, బస్సులో, పనిలో రోజంతా హిందీయే. ఆ క్షణాన మాత్రం ఒక్క ముక్కా నోటికి రాలేదు, అంతా తెలుగులోనే వచ్చింది.

"ఏడో నెంబరు బస్సు ఈ షెడ్డు ఎనకాల ఉంది. టార్పాలిన్ తీసి సూడండి. పోయిన శుక్రవారం దాని కింద పొగ లేసింది. దాన్ని ముందు రోజు కడిగింది నాను. ఈ గన్ను ఆ రబ్బరు కాడ పెట్టి కొట్టినాను. ఉప్పు పోయింది గాని నీళ్ళు లోపలికెల్లిపోయినాయి. మా జీవరాజు తప్పేం లేదు. ఆడు అందరినీ దింపినాడు. తప్పు నాది. మీరు ఇది నేర్సుకోవద్దు. ఈ ఒక్కటీ నేర్సుకోవద్దు."

మోటారు ఒక్కటే గుర్రుమంటోంది. ఎవరో దాన్ని ఆపారు. మేనేజరు ఉమేష్‌ని ఏం చెబుతోందని హిందీలో అడిగాడు. ఉమేష్ నేల చూస్తున్నాడు. తెలుగు వచ్చినవాళ్ళు ఆ గుంపులో ముగ్గురో నలుగురో ఉన్నారు. అందరి కళ్ళూ పద్మిని వైపు తిరిగాయి. ఆవిడ ఏదో ఒకటి చెప్పి సర్దెయ్యొచ్చు. ఒంట్లో బాలేదంటోందని అనేస్తే సరిపోతుంది.

పద్మిని హిందీలో చెప్పింది. మెల్లగా, ఒక్క మాట కూడా వదలకుండా చెప్పింది. ఏడో నంబరు, గన్ను, రబ్బరు, పొగ, జీవరాజు పేరు, అన్నీ. చెప్పడం అయ్యాక కూడా ఆగలేదు.

"మాదీ ఇదే," అంది. ఈసారి తెలుగులో మొదలుపెట్టి, మళ్ళీ హిందీలోకి మారింది. "ఆ వీడియో మీవాళ్ళు తీసుకెళ్ళిన మూడు నెలలకి మా డిపోలో రెండు బండ్లకి పొగ వచ్చింది. రెండూ నేను కడిగినవే. డ్రైవర్లని తీసేశారు. గన్ను పక్కన పెట్టేశాం, ఎందుకో ఎవరికీ చెప్పలేదు. మీకు ఉత్తరం రాద్దామన్నాను, మా పైవాళ్ళు ఊరికి చెడ్డపేరు అన్నారు. ఊరుకున్నాను. వీడియో మాత్రం తిరుగుతూనే ఉంది." ఆవిడ నూకరత్నం వైపు చూసింది. "ఈవిడ తప్పు కాదు. నేను చూపించిందే ఈవిడ చేసింది."

మేనేజరు గబగబా టీ తాగడానికి రమ్మని అందరినీ అటు తోలాడు. సగం మంది వెళ్ళారు. మిగతా సగం షెడ్డు వెనక్కి నడిచారు. కాసేపటికి టార్పాలిన్ లాగిన చప్పుడు వినబడింది.

ఉమేష్ ఆమె దగ్గరికొచ్చి, ఆమె కళ్ళల్లోకి చూడకుండా అన్నాడు. "ఇంటికెళ్ళిపో దీదీ. శనివారం పదకొండింటికి ఆఫీసులో హాజరవ్వాలంట." ఒక అడుగు వేసి ఆగాడు. "నన్నూ రమ్మన్నారు."

గేటు దాటబోతుంటే పద్మిని పరుగెత్తుకుంటూ వచ్చింది. "మరి ఉప్పు ఎలా తియ్యాలి నూకరత్నం గారూ? గన్ను లేకపోతే మాకింకేం తెలీదు. ఉప్పు అలా వదిలేసినా తీగలు తినేస్తుంది కదా."

"మా అయ్య సెప్పిన మాటొకటుందమ్మా. నాకూ నిన్ననే తెలిసింది," అంది నూకరత్నం. మళ్ళీ లోపలికొచ్చి, నాలుగో నంబరు కిందికి దూరి, మంచినీళ్ళలో తడిపి గట్టిగా పిండిన గుడ్డతో రబ్బరు చుట్టూ ఎలా తుడవాలో, వెంటనే పొడిగుడ్డ ఎలా వెయ్యాలో చూపించింది. పద్మిని పక్కనే పడుకుని ఫోనులో ఆమె చేతులు మాత్రమే తీసింది. చివర్లో నవ్వమని అడగలేదు.

*

ఆ సాయంత్రం జీవరాజు వచ్చాడు. లోపలికి రాలేదు, గుమ్మం అవతలే నిలబడ్డాడు. వెనక మేరి. కబురు అప్పటికే ఊరంతా పాకింది.

"ఆరు రోజులక్కా," అన్నాడు.

నూకరత్నం లేచి నిలబడింది.

"నా తప్పే అని ప్రార్థనలో మోకాళ్ళ మీద ఒప్పుకున్నాను. చెయ్యని దానికి క్షమించమని ఏడ్చినాను. మంగళవారం నువ్వు మా మంచం పక్కనే కూచున్నావు. అన్నం తినమన్నావు."

"భయమేసింది తమ్ముడూ," అంది నూకరత్నం.

జీవరాజు తల ఊపాడు, అర్థమైనట్టో కానట్టో. వెళ్ళిపోయాడు. మేరి వదినా అనకుండానే అతని వెనక నడిచింది. కన్నారావు లోపల్నుంచి అంతా విన్నాడు. తిట్టలేదు. కంచంలో అన్నం పెట్టి ఆమె ముందుకి జరిపాడు. ఆమె అన్నంలో చెయ్యి పెట్టలేదు.

శుక్రవారం సాయంత్రం జీవరాజుకి ఫోను వచ్చిందని, శనివారం నుంచి మూడో నంబరు ఇచ్చారని సందులో చెప్పుకున్నారు. ఆమెకి ఎవరూ వచ్చి చెప్పలేదు.

*

శనివారం పొద్దున్న పోటు మీదుంది సముద్రం. వాన సన్నగా పడుతోంది. బ్రూక్షాబాద్ స్టాపులో నూకరత్నం గొడుగు కింద ఒక్కతే నిలబడింది, చేతిలో ఆధార్ కార్డు, డిపో గుర్తింపు కార్డు ఉన్న ప్లాస్టిక్ కవరు. ఆఫీసులో ఏం అడుగుతారో, ఏం రాయించుకుంటారో, పోలీసులుంటారో ఉండరో. రాత్రంతా అవే. ఈ బస్సులకి చప్పుడుండదు కాబట్టి మలుపు తిరిగేదాకా మూడో నంబరు వస్తోందని తెలియలేదు. తనని చూసి ఆపకుండా పోతాడేమోనని వెనక్కి జరిగింది.

బస్సు ఆగింది. తలుపు తెరుచుకుంది. ఇస్త్రీ చొక్కా వేసుకున్న జీవరాజు ఎదురుగా అద్దంలోంచి రోడ్డునే చూస్తున్నాడు. ఆమె ఎక్కి, వెనక సీట్లో ఒదిగి కూచుంది.

సముద్రం రోడ్డు మొదలయ్యే చోట బస్సు మళ్ళీ ఆగింది. ముందు అలలు గోడ దాటి రోడ్డు మీద పరుచుకుని, అవతలి కాలవలోకి జారిపోతున్నాయి. ఒక ఆటో దాటింది. ఒక స్కూటరు దాటింది. బస్సు కదల్లేదు.

"చలో భయ్యా, ఇత్నా సా పానీ హై," అన్నాడు ఒకాయన. ఇన్ని నీళ్ళకేనా అని ఇంకెవరో నవ్వారు. మార్కెట్‌కి పోయే ఆడవాళ్ళు గొణిగారు. వెనక కారు హారన్ కొట్టింది.

జీవరాజు ఎడమచెయ్యి స్టీరింగ్ వదిలి కిందికి జారి, పిక్క మీద ఆగి, మెల్లగా పైకి పాకి, మోకాలి మీదికి వచ్చింది. అక్కడ గట్టిగా పట్టుకుంది. అద్దంలో కనబడుతున్న అతని చూపు నీళ్ళ మీదే ఉంది.

నూకరత్నం లేచింది. చెప్పులు సీటు కిందే వదిలేసి, ముందుకి నడిచి, తలుపు దగ్గర నిలబడింది. "తలుపు తియ్యి తమ్ముడూ."

అతను ఆమె వైపు చూశాడు. తీశాడు.

ఆమె వానలోకి దిగి, బస్సు ముందుకొచ్చి, నీళ్ళల్లోకి నడిచింది. ఎడమ చక్రం ఎక్కడ పడుతుందో సరిగ్గా అక్కడే నడిచింది. పెద్ద అల ఒకటి గోడ మీద పడి ఆమెని తల నుంచి తడిపేసింది. జనం కెవ్వుమన్నారు. ఆమె కదలకుండా నిలబడి ఆ నీళ్ళు వెనక్కి పోనిచ్చింది. రోడ్డు బాగా పల్లంగా ఉన్న చోటికి చేరాక ఇటు తిరిగి, రెండు చేతులా చీర కుచ్చిళ్ళు ఎత్తి పట్టుకుంది.

"సూడు తమ్ముడూ! చీలమండ దాకే! ఆ రోజూ ఇంతేనని నువ్వే సెప్పినావు!"

జీవరాజు చాలాసేపు ఆమె కాళ్ళ వైపు చూశాడు. మోకాలి మీది చెయ్యి తీసి స్టీరింగ్ మీద పెట్టాడు. ఇంకో పెద్ద అల వచ్చి పోయేదాకా ఆగాడు, అతను ఎప్పుడూ ఆగినట్టే. ఆ తర్వాత బస్సు చప్పుడు లేకుండా వచ్చి ఆమె పక్కన నిలబడింది.

ఆమె ఎక్కింది. ఒంటి నుంచి నీళ్ళు కారి మెట్లన్నీ తడిశాయి. ఎవరో తువ్వాలు అందించారు. జీవరాజు డ్రైవర్ సీటు పక్కన ఉండే తుడుపుగుడ్డ తీసి, మెట్ల కింద తీగల మూత ఉన్న చోట నీళ్ళు చేరకుండా వంగి ఒక్కసారి తుడిచాడు.

"ముందు సీట్లో కూచో అక్కా," అన్నాడు రోడ్డు మీంచి చూపు తిప్పకుండా. "ఒంటిగంటకి మళ్ళీ ఇటే తిరిగొస్తాను. నీ పని తెమలకపోతే ఆఫీసు ముందు ఆపి ఉంచుతాను."

తెములుతుందో లేదో, తెమిలి ఏమవుతుందో ఆమెకి తెలియదు. ఆమె కవరులోంచి కార్డులు తీసి, తడిశాయేమోనని ఒక్కొక్కటే తువ్వాలుతో తుడుచుకుంటూ ముందు సీట్లో కూచుంది.